యూరప్ రాజవంశాల డాలును చదవడం ఎలా

బ్రిటన్ చిల్లర దొరికితే ఒక పని చేయండి. ఒక పెన్నీ, రెండు, అయిదు, పది, ఇరవై, యాభై పెన్నీల నాణేలు ఒక్కొక్కటి తీసుకుని బల్ల మీద పెట్టండి. 2008లో మాథ్యూ డెంట్ డిజైన్‌తో వచ్చినవే కావాలి. విడిగా చూస్తే ప్రతిదాని మీదా ఏదో తెగిపోయిన బొమ్మ ముక్కే ఉంటుంది. సరిగ్గా పేరిస్తే ఆరూ కలిసి ఒక డాలు అవుతాయి. బ్రిటిష్ రాజకుటుంబపు వంశచిహ్నం అది. ఇలాంటి వంశచిహ్నాలు చదవడం నేను మొదలుపెట్టింది ఆ ఆరు నాణేలతోనే. ఇప్పటికీ ఎవరైనా నేర్పమంటే ముందు వాటినే తీస్తాను.

డాలులో నాలుగు గళ్లుంటాయి. పుస్తకం చదివినట్టే పై వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాత కింది వరుస. మొదటి గడిదే అగ్రస్థానం. అందులో ఎర్ర నేల మీద మూడు బంగారు సింహాలుంటే అది ఇంగ్లండ్. రెండో గడిలో పసుపు నేల మీద వెనక కాళ్లపై లేచి నిలబడ్డ ఎర్ర సింహం స్కాట్లండ్‌ది. మూడోది నీలం మీద బంగారు హార్ప్, ఐర్లండ్. నాలుగో గడిలో మళ్లీ ఇంగ్లండే. ఇదే డాలును స్కాట్లండ్‌లో వాడేటప్పుడు మాత్రం మొదటి, నాలుగో గళ్లు స్కాట్లండ్ తీసుకుంటుంది, ఇంగ్లండ్ రెండో గడికి జరుగుతుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. డాలుకి కుడి, ఎడమ అనేవి చూసేవాళ్లవి కావు, డాలు పట్టుకున్నవాడివి. మనకు ఎడమ పక్క కనిపించేది డాలుకి కుడి. భార్యాభర్తల చిహ్నాలను ఒకే డాలులో నిలువుగా చెరి సగం చూపినప్పుడు డాలు కుడి సగం భర్తది, ఎడమ సగం భార్య పుట్టింటిది. ఈ సంగతి తెలియక మొదట్లో ఒక నోట్‌బుక్ నిండా పుట్టిళ్లనూ మెట్టినిళ్లనూ తారుమారుగా రాసుకున్నాను. ఆ పనంతా మళ్లీ చేయాల్సి వచ్చింది. మీరు మొదటి రోజు నుంచే గీసుకున్న ప్రతి బొమ్మ పక్కనా ఏది డాలు కుడివైపో రాసి పెట్టుకోండి.

తర్వాత రంగులు. పసుపు అంటే బంగారం, తెలుపు అంటే వెండి. ఈ రెండూ లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా మాత్రం రంగులు. లోహం మీద లోహం, రంగు మీద రంగు వేయకూడదనేది నియమం. అలా అయితేనే బొమ్మ దూరానికి కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జెరూసలేం రాజ్యం చిహ్నంలో వెండి మీద బంగారు శిలువలుండటం దీనికి పేరుపొందిన మినహాయింపు.

మరి రంగే లేని పాత అచ్చుబొమ్మల సంగతేమిటి? వాటిలో గీతలే రంగులు. 1638లో పెట్రా సాంక్టా అనే జెస్యూట్ ఫాదర్ తన గ్రంథంలో వాడిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. నిలువు గీతలు ఎరుపు, అడ్డ గీతలు నీలం, రెండూ కలిసి వలలా అల్లుకుంటే నలుపు, చుక్కలు బంగారం, ఖాళీగా వదిలేస్తే వెండి. పాత పుస్తకాల లోపలి అట్టకి యజమాని అంటించుకున్న చీటీలుంటాయి చూడండి, వాటిని భూతద్దం కింద పెట్టి ఈ గీతలు వెతకండి. నల్లటి అచ్చులోంచి ఎరుపూ నీలమూ ఒక్కొక్కటే బయటపడుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రంగులు పట్టుబడ్డాక అసలు ప్రశ్న వేసుకోవాలి. ఈ గడి ఈ ఇంటికి ఎలా వచ్చింది? చాలాసార్లు జవాబు ఒక ఆడపిల్ల దగ్గర దొరుకుతుంది. ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ తల్లి ఇసబెల్లా, ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ కూతురు. ఆమె అన్నదమ్ములు మగ వారసులు మిగలకుండానే పోయారు. తల్లి తరఫున ఫ్రాన్స్ సింహాసనం నాదేనని ఎడ్వర్డ్ 1340లో ఫ్రెంచి లిల్లీ పువ్వులను తెచ్చి తన డాలులో పెట్టుకున్నాడు. అదీ మొదటి గడిలో, తన సింహాలకంటే ముందు. ఫ్రాన్స్ దక్కలేదు, కానీ పువ్వులు మాత్రం 1801 దాకా ఇంగ్లండ్ డాలు మీదే ఉన్నాయి. నాలుగు వందల అరవై ఏళ్ల పంతం అది. వంశచిహ్నంలో ఉన్నదంతా చేతిలో ఉన్న రాజ్యమే అనుకోకూడదని నాకు నేర్పింది ఈ పువ్వులే.

స్పెయిన్ డాలు ఇంకాస్త తేలిక, ఎందుకంటే అందులో బొమ్మలే పేర్లు పలుకుతాయి. కోట అంటే కాస్టీల్, సింహం అంటే లియోన్. అడుగున ఉన్న దానిమ్మ పండు గ్రనడా. స్పానిష్‌లో దానిమ్మని అనేది కూడా ఆ మాటే. 1492లో గ్రనడా స్వాధీనమయ్యాక ఆ పండు చేరింది. మధ్యలో ఎర్ర అంచున్న చిన్న నీలి డాలు, అందులో మూడు లిల్లీలు కనిపిస్తాయి. అది 1700లో రాజైన అయిదో ఫిలిప్ తెచ్చిన గుర్తు. ఆయన పద్నాలుగో లూయీ మనవడు. ఫ్రెంచి పువ్వుల చుట్టూ ఎర్ర అంచు ఉందంటే పెద్ద శాఖ కాదు, చిన్నవాళ్ల శాఖ అని అర్థం.

బ్రిటన్‌లో శాఖలు తెలియడానికి డాలు పైభాగాన దువ్వెనలాంటి పట్టీ వేస్తారు. మూడు పళ్ల తెల్ల పట్టీ, మీద ఏ గుర్తూ లేకపోతే యువరాజుది. ప్రభువుల కిరీటాలకి లెక్క వేరే ఉంది. బొమ్మలో అయిదు స్ట్రాబెర్రీ ఆకులు కనిపిస్తే డ్యూక్, నాలుగు వెండి గుండ్లు మాత్రమే ఉంటే బేరన్.

ఇవన్నీ చేతికొచ్చాక ఇంగ్లండ్‌లో ఏదైనా పాత చర్చికి వెళ్లండి. చాలా చోట్ల రాజచిహ్నం వేసిన చెక్క పలక గోడకి వేలాడుతుంది. ఒక చిన్న ఊరి చర్చిలో నేను చూసిన పలక మీద తేదీ కనపడలేదు. మసకగా ఉంది, టార్చ్ వేసి గడి గడీ చూశాను. లిల్లీలు ఎక్కడా లేవు, అంటే 1801 తర్వాతిది. మధ్యలో చిన్న డాలు, అందులో ఒక తెల్ల గుర్రం. అది జర్మన్ సంస్థానమైన హనోవర్ గుర్రం. 1714లో అక్కడి నుంచి బ్రిటన్ రాజుగా వచ్చిన మొదటి జార్జ్‌తో వచ్చింది, 1837లో విక్టోరియాతో పోయింది. హనోవర్‌లో ఆడవాళ్లకి సింహాసనం రాదు కాబట్టి అది ఆమె బాబాయికి వెళ్లింది. ఇక మిగిలింది ఆ చిన్న డాలు నెత్తిన ఏముందన్నది. హనోవర్ రాజ్యం హోదా పొందడంతో 1816 నుంచి అక్కడ కిరీటం వేశారు. అంతకుముందు ఎలెక్టర్ల టోపీ ఉండేది. ఎలెక్టర్లంటే పవిత్ర రోమన్ చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న జర్మన్ పాలకులు. కొత్త రాజు వచ్చినప్పుడు పాత పలకకే రంగులు మార్చి వాడిన సందర్భాలు కూడా ఉన్నాయి కాబట్టి, పై మూలల్లో రాజు పేరు పొడి అక్షరాలు కూడా వెతికాను. జీ, ఆర్ అని ఉన్నాయి, అంటే జార్జ్, రెక్స్ (లాటిన్‌లో రాజు), మధ్యలో మూడు గీతలు. మూడో జార్జ్.

టార్చ్ మళ్లీ మధ్యకి తిప్పాను. కిరీటం కాదు. ఎర్రటి టోపీ, దాని అంచున నల్ల చుక్కలున్న తెల్ల బొచ్చు. నోట్‌బుక్‌లో 1801–1816 అని రాసుకున్నాను.