మీకు ఏ థెరపీ సరిపోతుంది? సైకోథెరపీని ఎంచుకోవడం ఎలా?

పన్ను నొప్పి వస్తే పళ్ల డాక్టరు దగ్గరికి, మోకాలు పట్టేస్తే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తాం. మనసు బాగోలేదంటే మాత్రం ‘ఎవరైనా మంచి కౌన్సెలర్ ఉంటే చెప్పండి’ అని తెలిసినవాళ్లను అడుగుతాం. ఆ మంచి కౌన్సెలర్ ఏ పద్ధతిలో చికిత్స చేస్తారో అడగాలని తోచదు. చాలా బాధలకు పద్ధతి ఏదైనా ఫరవాలేదు, మనిషి కుదిరితే చాలు. కొన్నింటికి మాత్రం పద్ధతి తప్పితే ఏడాది తిరిగినా గుణం కనిపించదు. మీది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు. రోజంతా పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్రపోకపోయినా అలుపు లేకుండా డబ్బు వెదజల్లుతున్నా ముందు వెళ్లాల్సింది సైకియాట్రిస్టు దగ్గరికి. అలాంటప్పుడు మందులు ముందు, థెరపీ ఆ తర్వాత.

1. బాధను కాగితం మీద పెట్టండి

‘డిప్రెషన్’, ‘యాంగ్జైటీ’ అని రాయకండి. జరుగుతున్నది రాయండి. ‘పొద్దున పది దాటితే గానీ మంచం దిగలేకపోతున్నాను.’ ‘ఆఫీసు నుంచి ఫోను మోగితే గుండె దడదడలాడుతోంది.’ ‘ఆరు నెలలుగా బస్సెక్కలేదు.’ ఎప్పటి నుంచి, దేని తర్వాత, దానివల్ల ఏ పని ఆగిపోయింది అనేవి కూడా చేర్చండి. అడుగున ఒక్క వాక్యం: ఈ బాధ తగ్గితే నేను మళ్లీ చేయాలనుకుంటున్నది ఏమిటి? ఈ కాగితాన్ని దాచుకోండి, చివర్లో పనిపడుతుంది.

2. ఒంటి సంగతి ఒకసారి చూపించుకోండి

థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా, రక్తం తక్కువైనా మనిషి దిగాలుగా, నీరసంగా అయిపోతాడు. మామూలు రక్తపరీక్షలతో అది తేలిపోతుంది. అయితే ఒకసారి చాలు. గుండెదడకు ఈసీజీ తీయించి, అంతా బాగుందన్నాక ఇంకో ఆసుపత్రిలో మళ్లీ తీయించి, మూడోసారి ఎకో కూడా చేయించుకునేవాళ్లు ఉంటారు. ఆ తిరుగుడే పానిక్ జబ్బుకు, అంటే ఉన్నట్టుండి ప్రాణం పోతుందేమోనన్నంత భయం కమ్మేసే జబ్బుకు, ఒక లక్షణం కావచ్చు.

3. బాధకు తగ్గ పద్ధతిని వెతకండి

పద్ధతి పేరు పట్టుకుని అడగాల్సిన జబ్బుల్లో మొదటిది ఓసీడీ, అంటే వద్దన్నా వదలని అనుమానం, దాన్ని తీర్చుకోవడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం. ఒక ఇల్లాలు ఉందనుకుందాం. పాల ప్యాకెట్టును మూడుసార్లు కడుగుతుంది. బడి నుంచి వచ్చిన పిల్లలు గుమ్మంలోనే బట్టలు మార్చుకోవాలి. ‘ఆవిడకు మడి ఎక్కువ’ అని ఇంటిల్లిపాదీ సర్దుకుపోయారు. స్నానానికి రెండు గంటలు పడుతున్నప్పుడు గానీ ఎవరికీ అనుమానం రాలేదు. మడి కట్టుకున్నవారికి స్నానం అయ్యాక మనసు కుదుటపడుతుంది. ఓసీడీలో కడుక్కున్న చేతుల మీదే మళ్లీ అనుమానం పుడుతుంది.

ఈవిడను కూర్చోబెట్టి ‘ఏమీ కాదమ్మా, ధైర్యంగా ఉండండి’ అని చెప్పే కౌన్సెలింగ్ మేలు చేయకపోగా కీడు చేస్తుంది. ఎంత భరోసా ఇస్తే అంతగా మళ్లీ అడగాలనిపిస్తుంది. దీనికి కావలసింది ఈఆర్‌పీ అనే పద్ధతి. 1966లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇద్దరు రోగులకు చేసిన చికిత్సను ప్రచురించారు, ఈ పద్ధతికి పునాది అక్కడ పడింది. థెరపిస్టు, ఆవిడ కలిసి జంకు పుట్టించే పనులను రాసి వందకు ఇన్ని అని మార్కులు వేస్తారు. చెప్పుల స్టాండు తాకితే 40, చెత్తబుట్ట మూత తీస్తే 60, బస్టాండు మరుగుదొడ్డి గడియ ముట్టుకుంటే 90. ముందు 40తో మొదలు. స్టాండు తాకాలి, చేతులు కడుక్కోకూడదు. ఒళ్లంతా గొంగళిపురుగు పాకినట్టుంటుంది. అయినా అలాగే కూర్చోవాలి. కాసేపటికి ఆ జంకు తనంతట తానే దిగుతుంది. ఒక్కోరోజు అంత తొందరగా దిగకపోయినా, అనుకున్న ఉపద్రవం రాలేదని, జంకును భరించవచ్చని తెలుస్తుంది. రోజూ చేస్తుంటే క్రమంగా పట్టు సడలుతుంది. ‘నాకేమైనా అంటుకుందా?’ అని ఆవిడ అడిగినప్పుడు జవాబు చెప్పకుండా ఎలా ఉండాలో ఇంట్లోవాళ్లకూ నేర్పుతారు. నిజానికి అదే కష్టం.

పానిక్‌కు సీబీటీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ కలిపి మార్చే పద్ధతి. ఇక్కడ కూడా మాటలతో పని అయిపోదు. గబగబా మెట్లెక్కమంటారు, కావాలని వేగంగా ఊపిరి పీల్చమంటారు. గుండె వేగంగా కొట్టుకున్నంత మాత్రాన గుండెపోటు కాదని ఒంటికి తెలియాలి కదా. దీర్ఘకాలపు నిద్రలేమికి నిద్రమాత్రల కన్నా ముందు ప్రయత్నించదగ్గ సీబీటీ ఒకటి వేరే ఉంది. నిద్ర పట్టనివాళ్లను ఇంకా ఆలస్యంగా మంచమెక్కమంటారు! వినడానికి విడ్డూరంగా ఉన్నా, మంచం మీద మేలుకుని దొర్లే సమయాన్ని తగ్గించడమే దాని కిటుకు. ప్రమాదమో, దాడో, అత్యాచారమో కళ్లముందు మళ్లీ మళ్లీ మెదులుతుంటే గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ గానీ, 1987లో ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టిన, చేదు జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే ఈఎండీఆర్ గానీ అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో ఈ రెండింటినీ సూచించింది. బ్లేడుతో చేయి కోసుకోవడం, క్షణంలో భగ్గుమనే ఆవేశం ఏళ్ల తరబడి ఉంటే ఆవేశాన్ని అదుపు చేసుకునే నేర్పు నేర్పడానికి మార్షా లినెహాన్ రూపొందించిన డీబీటీ. అందులో విడిగా మాట్లాడటంతో పాటు బృందంలో కూర్చుని నేర్చుకునే పాఠాలు కూడా ఉంటాయి.

ఇక కుంగుబాటు. ఇక్కడ పేర్ల కోసం బెంగపడకండి. ఆలోచనల్లోని వంకరను పట్టుకునే సీబీటీని 1960లలో ఆరన్ బెక్ తయారుచేసింది కుంగుబాటు కోసమే. ఆపేసిన పనులను కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టించే పద్ధతి అంతకన్నా సులువు. గోవాలో మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో దాన్ని చేయిస్తే తీవ్రమైన కుంగుబాటు కూడా తగ్గుముఖం పట్టిందని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. దగ్గరివాళ్లు పోయాకో, రిటైరయ్యాకో, ఇంట్లో గొడవలతోనో మొదలైన దిగులైతే సంబంధాల మీద పనిచేసే ఐపీటీ బాగా అతుకుతుంది. సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు. ‘ప్రతిసారీ ఇలాంటి మనిషితోనే ఎందుకు ఇరుక్కుంటున్నాను?’ అన్నది మీ ప్రశ్న అయితే, బాల్యం దాకా తవ్వే సైకోడైనమిక్ థెరపీ ఉంది. దానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడతాయి.

‘మా కోడలికి కౌన్సెలింగ్ ఇప్పించండి’ అని తీసుకొచ్చే ఇళ్లలో చాలాసార్లు కౌన్సెలింగ్ కావలసింది ఇంటికంతటికీ. అలాంటిచోట ఫ్యామిలీ థెరపీ అడగండి. మనదేశంలో ఇది కొత్తదేమీ కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలో గుడారాలు వేయించి వెంట ఉంచుకున్నారు. ఒక్క హెచ్చరిక: భర్త కొడుతున్న ఇంట్లో దంపతులిద్దరినీ కలిపి కూర్చోబెట్టే థెరపీ వద్దు. ఆ గదిలో నిజం చెప్పిన భార్య ఇంటికెళ్లాక దానికి మూల్యం చెల్లించాల్సి వస్తుంది. మహిళల సహాయ నంబరు 181.

4. ఎవరి దగ్గరికి?

మందులు రాయగలిగేది సైకియాట్రిస్టు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, థెరపీ చేస్తారు. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి, ఆ నంబరు అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ‘కౌన్సెలర్’ అని బోర్డు పెట్టినవారందరికీ ఒకే చదువు ఉండదు. రెండేళ్లు చదివినవారూ ఉంటారు, రెండు వారాంతాల కోర్సు చేసినవారూ ఉంటారు. ఫీజు భరించలేకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరు నిమ్‌హాన్స్ ఉన్నాయి.

5. ఫోనులోనే మూడు ప్రశ్నలు అడగండి

‘నా సమస్య ఇది. ఇలాంటివారికి మీరు ఏ పద్ధతి వాడతారు? సెషన్‌లో ఏం చేయిస్తారు? సుమారు ఎన్ని సెషన్లు?’ మంచి జవాబు ఇలా ఉంటుంది: ‘ఓసీడీ అయితే ఈఆర్‌పీ చేస్తాను. మొదటి రెండు వారాలు మీ అలవాట్లను రాసుకుంటాం, తర్వాత ఇంటి దగ్గర చేయాల్సిన పని ఇస్తాను. పన్నెండు, పదహారు సెషన్లు పట్టవచ్చు.’ ‘అన్నీ కలిపి చేస్తానండీ, ముందు రండి, చూద్దాం’ అంటే కాస్త ఆగండి. ‘వందశాతం నయం చేస్తాను’ అన్నవారికి దండం పెట్టి ఫోను పెట్టేయండి.

భాష గురించి కూడా అడగండి. ఇంగ్లిషులో ‘సాడ్’ అని సరిపెట్టే చోట తెలుగులో బెంగ, దిగులు, ఉక్రోషం, నామోషీ అని వేర్వేరు బాధలున్నాయి. అమ్మ మీద బెంగ వేరు, నలుగురిలో నామోషీ వేరు. ఆ తేడా తెలిసిన మనిషి ఎదుట కూర్చుంటే బోలెడు సమయం కలిసివస్తుంది. అమెరికాలో ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది. అక్కడ థెరపిస్టుల లైసెన్సు రాష్ట్రాల వారీగా ఉంటుంది. తెలుగు తెలిసిన థెరపిస్టు దొరికినా, మీరుంటున్న రాష్ట్రంలో చికిత్స చేసే అనుమతి వారికి ఉందో లేదో కనుక్కోవాలి.

6. నాలుగో సెషన్‌కు కాగితం తీయండి

మొదటి సెషన్ తర్వాత మనసు తేలికపడటం, రెండోదాని తర్వాత ఇంకా బరువెక్కడం మామూలే. వాటిని బట్టి తీర్పు చెప్పకండి. మూడు విషయాలు చూడండి: ఎక్కడికి చేరాలో ఇద్దరికీ ఒకే మాట ఉందా, చేస్తున్న పని దానికి పనికొచ్చేదిగా అనిపిస్తోందా, ఈ మనిషి దగ్గర సిగ్గుపడే సంగతి కూడా చెప్పగలుగుతున్నారా? ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో థెరపీ బంధాన్ని ఈ మూడుగానే విడదీశారు. మీ రహస్యాలు ఇంట్లోవాళ్లకు చేరవేసినా, డాక్టరును అడగకుండా మందులు ఆపమన్నా, అనుచితంగా తాకినా నాలుగో సెషన్ దాకా ఆగనక్కర్లేదు.

అలాంటిదేమీ లేకుండా కేవలం కుదరడం లేదనిపిస్తే ఫోను ఎత్తకుండా మాయమైపోకండి. మొదటిరోజు రాసిన కాగితాన్ని తీసుకెళ్లి ఎదుటే చదవండి. ‘పదింటికి లేచేదాన్ని, ఇప్పుడూ పదింటికే లేస్తున్నాను. మనం వేరేగా ఏం చేయవచ్చు?’ అని అడగండి. పనితెలిసిన థెరపిస్టు నొచ్చుకోరు. పద్ధతి మారుస్తారు, లేదా ఆ పని బాగా తెలిసిన ఇంకొకరి పేరు రాసిస్తారు.