సంకీర్ణ సంఖ్యలతో సదిశల లెక్క ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి?

సదిశ అంటే పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశి. సంకీర్ణ సంఖ్య అంటే 2 + 3ఐ లాంటి, రెండు భాగాలున్న సంఖ్య; ఇందులో ఐ × ఐ = −1. ముందు మీ లెక్క ఒకే తలంలో ఉందో లేదో చూసుకోండి. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లిన బోటు సముద్రం మీదే తిరుగుతుంది కాబట్టి దానికి సంకీర్ణ సంఖ్య చక్కగా సరిపోతుంది. కైలాసగిరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తే చాలదు. మూడు కొలతల్లో తిప్పడం కోసమే గణితవేత్త హామిల్టన్ 1843లో క్వాటర్నియన్లనే నాలుగు భాగాల సంఖ్యలను కనిపెట్టాడు.

తర్వాత అక్షాలు. హార్బర్ మూలబిందువు, తూర్పు వాస్తవ అక్షం, ఉత్తరం కల్పిత అక్షం. తూర్పుకు 4 కి.మీ., దక్షిణానికి 3 కి.మీ. వెళ్లిన బోటు 4 − 3ఐ. కూడికలు, తీసివేతలు మామూలు సదిశల్లాగే ఉంటాయి, వాటికోసం ఇంత శ్రమ అక్కర్లేదు.

అసలు లాభం తిప్పడంలో ఉంది. ఆ బోటు హార్బర్ నుంచి √(4² + 3²) = 5 కి.మీ. దూరంలో ఉంది. అదే దూరం ఉంచి దిశను 30 డిగ్రీలు ఎడమకు తిప్పాలంటే 0.866 + 0.5ఐ తో గుణించండి. ఇవి 30 డిగ్రీల కొసైన్, సైన్ విలువలు. జవాబు సుమారు 4.96 − 0.60ఐ. మాపం, అంటే మూలబిందువు నుంచి దూరం, కట్టి చూడండి, మళ్లీ 5 వస్తుంది. గుణకారానికి ఈ అర్థాన్ని 1797లోనే చెప్పిన కాస్పర్ వెస్సెల్ వృత్తిరీత్యా సర్వేయర్, పటాలు గీసేవాడు.

ఇక్కడే జాగ్రత్త పడాలి. రెండో బోటు 5 − ఐ దగ్గర ఉందనుకోండి. రెండు స్థానాలనూ నేరుగా గుణిస్తే 17 − 19ఐ, అంటే ఆగ్నేయ దిశ. ఇప్పుడు ఉత్తరాన్ని వాస్తవ అక్షంగా, పడమరను కల్పిత అక్షంగా పెట్టి మళ్లీ చేయండి: −17 + 19ఐ, అంటే దక్షిణానికి 17, పడమరకు 19. బోట్లు కదల్లేదు, జవాబు మాత్రం నైరుతికి తిరిగింది! అక్షాలను బట్టి మారిపోయే జవాబుకు జ్యామితిలో అర్థం లేదు. గుణకారంలో ఒకటి సదిశ అయితే రెండోది దాన్ని తిప్పే సంఖ్య కావాలి.

రెండు స్థానాలనే పోల్చాలంటే మొదటిదాని సంయుగ్మం (ఐ భాగం గుర్తు మార్చిన సంఖ్య) తీసుకుని గుణించండి: (4 + 3ఐ)(5 − ఐ) = 23 + 11ఐ. అక్షాలు ఎలా తిప్పినా ఇది మారదు. 23 ఆ రెండు సదిశల అదిశా లబ్ధం, అంటే వాటి పొడవులనూ మధ్య కోణం కొసైన్‌నూ గుణిస్తే వచ్చేది. 11లో సగం, 5.5 చ.కి.మీ., హార్బర్‌తో కలిపి ఆ రెండు బోట్లు చేసే త్రిభుజ వైశాల్యం. 11 ధనాత్మకం కాబట్టి హార్బర్ నుంచి చూస్తే రెండో బోటు మొదటిదానికి ఎడమవైపున ఉంది. రుణాత్మకం వస్తే కుడివైపు, సున్నా వస్తే రెండూ హార్బర్ గుండా పోయే ఒకే సరళరేఖ మీద ఉన్నట్టు.