ఎంక్యాట్ ప్రాక్టీస్ స్కోరు అసలు పరీక్షకు ఎంత దగ్గర? సరిగ్గా అంచనా వేసుకోవడం ఎలా?

అమెరికాలో దాదాపు అన్ని మెడికల్ స్కూళ్లు, కెనడాలో చాలా స్కూళ్లు అడిగే ప్రవేశ పరీక్ష ఎంక్యాట్. దీనికి తయారయ్యే వాళ్లందరినీ తొలిచే ప్రశ్న ఒకటే: ప్రాక్టీస్ టెస్టులో వచ్చిన స్కోరే అసలు పరీక్షలోనూ వస్తుందా? రావచ్చు. కానీ ఆ టెస్టును ఎవరు తయారు చేశారు, మీరు ఏ పరిస్థితుల్లో కూర్చుని రాశారు, అందులోని ప్రశ్నలు అంతకుముందే మీ కంటపడ్డాయా అన్నవి ముందు తేల్చుకోవాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే స్కోరును నమ్మవచ్చు. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ అంకె చెప్పేది వేరు.

1. అసలు పరీక్ష కొలతలు తెలుసుకోండి

పరీక్ష నిర్వహించేది అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ మెడికల్ కాలేజెస్, అంటే ఏఏఎంసీ. మొత్తం 4 సెక్షన్లు, 230 ప్రశ్నలు. మొదట కెమిస్ట్రీ-ఫిజిక్స్, తర్వాత కార్స్, ఆ తర్వాత బయాలజీ-బయోకెమిస్ట్రీ, చివర సైకాలజీ-సోషియాలజీ. కార్స్ అంటే చదివి, అర్థం చేసుకుని, తర్కించే సెక్షన్. అందులో 9 ప్యాసేజీలు, 53 ప్రశ్నలు, 90 నిమిషాలు. మిగతా మూడింటిలో ఒక్కోదానికి 59 ప్రశ్నలు, 95 నిమిషాలు. ఆ 59లో 44 ప్యాసేజీల కింద వస్తాయి, 15 విడిగా ఉంటాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి దేన్నీ ఖాళీగా వదలకూడదు.

ఒక్కో సెక్షన్ స్కోరు 118 నుంచి 132 వరకు, మొత్తం స్కోరు 472 నుంచి 528 వరకు ఉంటుంది. ఎన్ని ప్రశ్నలు సరిగ్గా చేశారన్న లెక్కను ఈ స్కేలులోకి మారుస్తారు. ఒక పేపరు కాస్త కష్టంగా, ఇంకోటి కాస్త తేలికగా ఉన్నా స్కోర్లు సమానంగా తూగేలా సర్దుతారు. అందుకే 'నా తేదీన పేపర్ కష్టంగా వచ్చింది, స్కోరు పోయింది' అని బెంగపడనక్కర్లేదు.

2. ఏ టెస్టు ఎందుకో విడదీసుకోండి

ఏఏఎంసీ స్వయంగా ఇచ్చే ఫుల్ లెంగ్త్ ప్రాక్టీస్ పరీక్షల్లో ఒకప్పుడు అసలు పరీక్షలో వాడి, పక్కన పెట్టేసిన ప్రశ్నలు ఉంటాయి. తెర, బటన్లు, హైలైట్ చేయడం, జవాబును కొట్టేయడం, ప్రశ్నకు జెండా పెట్టుకోవడం అన్నీ పరీక్ష కేంద్రంలో కనిపించేవే. స్కోరు అంచనాకు వీటినే వాడాలి. ఇవి కొన్నే ఉంటాయి కాబట్టి సిలబస్ సగంలో ఉండగా వీటిని ఖర్చు చేసుకోవద్దు.

కోచింగ్ సంస్థల టెస్టులు సొంతంగా రాయించినవి. వాటిలో చాలావరకు అసలు పరీక్ష కంటే చిన్నచిన్న వివరాలను, లెక్కలను ఎక్కువగా అడుగుతాయి. స్కోరు తక్కువ చూపించే సంస్థలూ ఉన్నాయి. కాబట్టి వీటిని ఏడు గంటలు కూర్చునే అలవాటు కోసం, సిలబస్‌లో కంతలు పట్టుకోవడం కోసం వాడండి. వీటిలో వచ్చిన అంకెకు 'ఇంత కలిపితే అసలు స్కోరు' అని సూత్రం కట్టేవాళ్లు కనిపిస్తారు. అది పట్టించుకోదగ్గది కాదు, ఎందుకంటే ఆ తేడా సంస్థను బట్టీ మారుతుంది, సెక్షన్‌ను బట్టీ మారుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ తేడా వచ్చేది కార్స్‌లో. ఏఏఎంసీ ప్రశ్నలో సరైన జవాబుకు ఆధారం ప్యాసేజీలోని వాక్యాల్లోనే దొరుకుతుంది. మిగతా మూడు జవాబులూ ఎక్కడ తప్పాయో కూడా చూపించగలం. ఆ పట్టు బయటి టెస్టులకు అంత సులభంగా దొరకదు. బయటి టెస్టులో కార్స్ స్కోరు చూసి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు.

అసలు పరీక్షలో మార్కులకు లెక్కలోకి రాని ప్రయోగాత్మక ప్రశ్నలు కొన్ని కలిసి ఉంటాయి. ఏవి అవో మీకు చెప్పరు. ఒక ప్రశ్న వింతగా, ఎక్కడా చదవనట్టుగా ఉంటే దాని దగ్గరే ఆగిపోకుండా ఏదో ఒకటి గుర్తించి ముందుకు నడవండి.

3. పరీక్ష గదిలో ఎలా ఉంటుందో ఇంట్లోనూ అలాగే రాయండి

ఇంట్లో వచ్చిన స్కోరు కేంద్రంలో పడిపోవడానికి ఎక్కువసార్లు కారణం పేపరు కాదు, పరిస్థితులు. మధ్యలో ఫోన్ చూసుకోవడం, ఒక సెక్షన్ ఇవాళ, ఇంకోటి రేపు రాయడం, పది నిమిషాల విరామాన్ని అరగంట చేసుకోవడం లాంటివన్నీ కలిసి స్కోరును పైకి లేపుతాయి.

పరీక్ష ఉదయం మొదలయ్యేదైతే మీరు కూడా ఉదయం 8 గంటలకే మొదలుపెట్టండి. మొదటి సెక్షన్ తర్వాత 10 నిమిషాలు, కార్స్ తర్వాత 30, మూడో సెక్షన్ తర్వాత మళ్లీ 10. ప్రశ్నలకే 6 గంటల 15 నిమిషాలు పోతుంది, అన్నీ కలుపుకుంటే సుమారు ఏడున్నర గంటలు. కేంద్రంలో బయటికి వెళ్లినప్పుడూ, లోపలికి వచ్చినప్పుడూ గుర్తింపు తనిఖీ ఉంటుంది, ఆ సమయం కూడా విరామంలోంచే పోతుంది. కాబట్టి ఇంట్లో 10 నిమిషాల విరామాన్ని 7 నిమిషాలకే ముగించడం అలవాటు చేసుకోండి. ఆ రోజు తినబోయేదే ఇప్పుడూ తినండి. విరామంలో ఫోనూ నోట్సూ ముట్టుకోవద్దు, అక్కడ అవి ముట్టుకోనివ్వరు.

రాసుకోవడానికి అక్కడ కాగితం, పెన్ను ఇవ్వరు. ల్యామినేట్ చేసిన పేజీల పుస్తకం, తడిగుడ్డతో తప్ప చెరగని మార్కర్ ఇస్తారు. దాని ములుకు పెన్ను కంటే లావు కాబట్టి అక్షరాలు పెద్దవవుతాయి, పేజీలు త్వరగా నిండుతాయి. అలాంటి బోర్డు, మార్కర్ ఒక జత కొనుక్కుని కనీసం చివరి మూడు టెస్టులు వాటితోనే రాయండి.

క్యాలిక్యులేటర్ ఉండదు. ఆవర్తన పట్టిక మాత్రం తెర మీద తెరుచుకోవచ్చు. ఇంట్లో ఒక్క లెక్కకు క్యాలిక్యులేటర్ ముట్టుకున్నా ఆ సెక్షన్ స్కోరు మీది కాదు. ఉదాహరణకు 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఫోటాన్ శక్తి అడిగారనుకోండి. ప్లాంక్ స్థిరాంకం 6.6 × 10⁻³⁴, కాంతి వేగం 3 × 10⁸, తరంగదైర్ఘ్యం 5 × 10⁻⁷. ముందు అంకెలు: 6.6ను 3తో గుణిస్తే 19.8, దాన్ని 20 అనుకోండి, 5తో భాగిస్తే 4. తర్వాత ఘాతాలు: మైనస్ 34కి 8 కలిపితే మైనస్ 26, మైనస్ 7తో భాగిస్తున్నాం కాబట్టి 7 కలిపితే మైనస్ 19. జవాబు సుమారు 4 × 10⁻¹⁹ జూల్స్. ఇచ్చిన నాలుగు జవాబుల్లో దీనికి దగ్గరగా ఒకటే ఉంటుంది. ఇలా ఇరవై సెకన్లలో తేల్చడం చేతికి రావాలి. సైన్స్ సెక్షన్లలో ప్యాసేజీ చదివే సమయంతో కలిపి ఒక్కో ప్రశ్నకు దొరికేది సుమారు 97 సెకన్లే. కార్స్‌లో ప్యాసేజీకి, దాని ప్రశ్నలకు కలిపి 10 నిమిషాలు.

4. ఒక్క అంకె కాదు, పరిధి చూడండి

అసలు స్కోరు కాగితంలోనే ఏఏఎంసీ ఒక పరిధి చూపిస్తుంది: మొత్తం స్కోరుకు అటూఇటూ 2, సెక్షన్‌కు అటూఇటూ 1. అసలు పరీక్షకే అంత ఊగిసలాట ఉన్నప్పుడు ఒక్క ప్రాక్టీస్ టెస్టుతో తీర్పు చెప్పుకోవడం సరికాదు.

మీ చివరి నాలుగు అధికారిక (ఏఏఎంసీ) టెస్టుల స్కోర్లు 507, 509, 508, 514 అనుకుందాం. సగటు 509.5. కానీ ఆ 514 రెండోసారి రాసిన పేపరుదైతే దాన్ని తీసేయండి. జవాబులు గుర్తులేవనిపించినా ప్యాసేజీ ఇంతకుముందు చదివిందే కాబట్టి సమయం మిగిలిపోతుంది. తీసేస్తే సగటు 508. అటూఇటూ 2 వేస్తే 506 నుంచి 510. మీరు దరఖాస్తు చేయాలనుకునే స్కూళ్లకు 506 వచ్చినా సరిపోతుందా అని ఆలోచించండి, 510 దగ్గర ఆశ పెట్టుకోకండి.

5. రాసిన దాన్ని తిరగేయడానికి రెండు రోజులు కేటాయించండి

ఎదుగుదల జరిగేది ఇక్కడే, కానీ ఎక్కువమంది తొందరపడేదీ ఇక్కడే. తప్పు చేసినవే కాదు, సరిగ్గా వచ్చినా గాలిలో గుర్తించినవీ చూడాలి. ఒక్కో తప్పు పక్కన కారణం రాయండి: విషయం తెలియదు, ప్రశ్న సరిగ్గా చదవలేదు, గ్రాఫు అక్షాలు తారుమారుగా చూశారు, సమయం అయిపోయింది. 'అజాగ్రత్త' అని మాత్రం రాయవద్దు, అది దేన్నీ సరిచేయదు. 'ఎంజైమ్ కాంపిటిటివ్ ఇన్హిబిషన్‌లో కేఎం పెరుగుతుంది, వీమ్యాక్స్ మారదు. నేను రెండూ తగ్గుతాయనుకున్నాను' అని రాస్తే (కేఎం, వీమ్యాక్స్ అంటే ఎంజైమ్ పనితీరును చెప్పే రెండు కొలతలు) రేపు ఏం చదవాలో తెలుస్తుంది. ప్రతి సెక్షన్‌లోనూ చివరి పదిహేను ప్రశ్నల్లోనే తప్పులు గుంపుగా ఉంటే మీకు కావలసింది ఇంకో పుస్తకం కాదు, వేగం.

వారానికి ఒక ఫుల్ లెంగ్త్ చాలు. రెండు రాస్తే రెండోదాన్ని తిరగేసే ఓపిక ఉండదు.

6. తేదీ మార్చుకునే గడువుకు ముందే తేల్చుకోండి

పరీక్షకు 10 రోజుల లోపు తేదీ మార్చుకోవడం కుదరదు, అంతకుముందు కూడా రోజులు దగ్గరపడేకొద్దీ మార్పు రుసుము పెరుగుతుంది. అందుకే మీరు ఎక్కువగా నమ్మే అధికారిక టెస్టును పరీక్షకు రెండు వారాల ముందే రాయండి. దాని స్కోరుతో కలిపి వచ్చిన పరిధి మీ అవసరానికి చాలా దిగువన ఉంటే మార్చుకునే వీలుంటుంది. ఆఖరి టెస్టు వారం ముందు రాసుకోవచ్చు, కానీ దాని పని అలవాటు నిలబెట్టడమే.

పరీక్ష చివర 'స్కోరు వేయాలా, రద్దు చేయాలా' అని తెర మీద అడుగుతారు, 5 నిమిషాల సమయం ఉంటుంది. రద్దు చేస్తే స్కోరు రాదు, స్కూళ్లకు కనిపించదు, కానీ ప్రయత్నాల లెక్కలో అది ఒకటిగానే పోతుంది. ఏడాదికి 3, వరుసగా రెండేళ్లలో 4, జీవితకాలంలో 7 ప్రయత్నాలే ఉంటాయి. కష్టంగా అనిపించిందన్న ఒక్క కారణంతో రద్దు చేయవద్దు, ప్రాక్టీస్ టెస్టు రాశాక బాగా రాయలేదని బాధపడినప్పుడు కూడా మీకు స్కోరు సరిగ్గానే వచ్చి ఉండవచ్చు. మధ్యలో జబ్బు చేసి ఒక సెక్షన్ సగం వదిలేయాల్సి వస్తే అది వేరే సంగతి, అప్పుడు రద్దు చేయడం న్యాయమే. ప్రాక్టీస్‌లో స్కోరు వెంటనే కనిపిస్తుంది, ఇక్కడ మాత్రం 30 నుంచి 35 రోజులు పడుతుంది. దరఖాస్తు గడువులు లెక్కేసేటప్పుడు ఆ నెల రోజులూ కలుపుకోండి.