చివరగా తిన్నదాన్ని తిట్టకండి: వానాకాలం దావతులకు జాగ్రత్తలు

పోయిన ఆదివారం మా బంధువుల ఇంట్లో బోనాల దావత్. మటన్ కూర శనివారం రాత్రే వండి, పెద్ద గుండిగలో మూతపెట్టి వదిలేశారు. ఆదివారం మధ్యాహ్నం తిన్నారు. అర్ధరాత్రికి తొమ్మిది మందికి కడుపులో మెలిపెట్టి నీళ్ల విరేచనాలు. అందరూ సాయంత్రం తిన్న మిర్చి బజ్జీలనే తిట్టారు. మిగిలిన కూరను సోమవారం గోరువెచ్చగా చేసుకుని తిన్నారు. రాత్రికి ఇంకో నలుగురు పడ్డారు.

చేతులు కడుక్కోవడం, నీళ్లు కాచుకోవడం మీకు తెలిసినవే. నేను భయపడేది ఈ ఒక్క తప్పుకే: చివరగా తిన్నదాని మీద నేరం మోపడం.

ముందు టైమ్ లెక్క చూడండి. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే, తిండిలో అప్పటికే క్రిముల విషం తయారై ఉందని అనుమానించాలి. బయట వదిలేసిన అన్నంలో ఇలా జరుగుతుంది. 6 నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు వచ్చి, జ్వరం, వాంతులు పెద్దగా లేకపోతే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా అయి ఉండొచ్చు. దాని బీజాలు ఉడికించినా చావవు. గుండిగ నడుమ కూర గంటల తరబడి వెచ్చగా ఉంటుంది కదా, అక్కడే పెరుగుతాయి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ బయటపడటానికి 12 నుంచి 48 గంటలు. విరేచనాలు తెచ్చే ఈ-కోలై బ్యాక్టీరియాకు 1 నుంచి 3 రోజులు. కలరాకు కొన్ని గంటల నుంచి 5 రోజులు. నీళ్లతో వచ్చే జియార్డియా అనే పరాన్నజీవికైతే వారం నుంచి మూడు వారాలు, అప్పటికి ఆ నీళ్లు ఎక్కడ తాగామో కూడా గుర్తుండదు.

అందుకే మళ్లీ చెబుతున్నా, చివరగా తిన్నదాన్ని తిట్టకండి.

మూడు రోజుల తిండి, తాగిన నీళ్లు టైమ్‌తో సహా రాయండి. బాగున్నవాళ్లు ఏం తిన్నారో కూడా రాయండి, అసలు ఆధారం అక్కడే దొరుకుతుంది.

మిగిలిన కూర తినకండి. పారేయకండి కూడా, మూతపెట్టి ఫ్రిజ్‌లో విడిగా ఉంచి పీహెచ్‌సీకి చెప్పండి.

వండిన కూరను రెండు గంటల్లోపు చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి.

మళ్లీ తినేటప్పుడు గోరువెచ్చగా కాదు, కుతకుత ఉడకాలి.

విరేచనాలు పట్టుకున్నవాళ్లు వంటింట్లోకి రావద్దు. తగ్గాక కూడా రెండు రోజులు.

ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కాదు!

చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకండి. విరేచనాలు కట్టే మాత్ర వేయకండి.

బియ్యం కడిగిన నీళ్లలా పోతున్నా, మూత్రం ఆగినా, కళ్లు లోపలికి పోయినా 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా ఆగకండి.