కెమెరా కొనే ముందు, చెడిన ఫొటోలను లెక్కపెట్టండి

దుకాణంలో కెమెరాను చేతికి తీసుకున్న ఐదు నిమిషాల్లోనే మనసు ఒక తీర్పు చెప్పేస్తుంది. ఆ తీర్పు కొట్టిపారేయదగినది కాదు గానీ, బరువు కుదురుగా ఉందనిపించిన కెమెరానే ఒక పెళ్లిలో మూడు గంటలు మెడలో వేలాడిన తర్వాత ఎలా ఉంటుందో అది చెప్పలేదు. ఇతరులు తీసిన నమూనా చిత్రాలను చూసి కొనడమూ అంతే: వాటిలోని వెలుతురూ మనది కాదు, తీసిన చేయీ మనది కాదు. బెంగళూరులో కెమెరాలు రోజు లెక్కన అద్దెకు దొరుకుతాయి కాబట్టి, కొనదలచిన కెమెరానే, వాడబోయే లెన్సుతో సహా, ఒక శని, ఆదివారాలకు తెచ్చుకొని పరీక్షించడం మేలు.

శనివారాన్ని చేతికి కేటాయించండి. లాల్‌బాగ్ తోటలో తిరుగుతూ, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని), ఎక్స్‌పోజర్‌ను (చిత్రం ఎంత వెలుగుగా రావాలన్న అమరికను), ఫోకస్ బిందువును మార్చడం సాధన చేయండి. చిటికెన వేలికి పట్టు దొరుకుతోందో లేదో చూసుకోండి. ఆ రోజు జరిగే పొరపాట్లు చాలావరకు కొత్త వల్ల జరిగేవే గనుక వాటిని కెమెరా ఖాతాలో వేయకూడదు.

ఆదివారం తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్ పూల అంగళ్లకు వెళ్లండి. అక్కడ తెలుగు తెలిసిన వ్యాపారులూ ఉంటారు కాబట్టి అడిగి తీయడం కష్టం కాదు. బుట్టలు మోసేవారి దారికి అడ్డు నిలవకపోతే చాలు. కెమెరాకు బంతిపూల రాశిని మించిన పరీక్ష నాకు తెలియదు. ముదురు నారింజ రంగులో ఎరుపు భాగం మిగిలిన రంగులకంటే ముందే కెమెరా పట్టగల హద్దును తాకి, రేకులన్నీ కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి ఎంత నిండిందో చూపే హిస్టోగ్రామ్ పటాన్ని విడివిడిగా పెట్టుకొని, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ వరకు (వెలుతురు సగమయ్యేంత వరకు) తగ్గిస్తూ, రా (కెమెరా మలచని ముడి ఫైలు), జేపెగ్ (కెమెరా మలిచి ఇచ్చే చిత్రం) రెండింటిలోనూ తీయండి. జేపెగ్‌లో మాయమైన రేకుల అంచులు రా ఫైలులో కనిపిస్తే, లోపం వెలుతురును పట్టే సెన్సర్‌ది కాదు, కెమెరా రంగులను మలిచిన తీరుది. ఎల్ఈడీ బల్బుల కింద చిత్రానికి అడ్డంగా నల్లని చారలు వచ్చినా కంగారుపడవద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడంతో అలాంటి బల్బులు చాలావరకు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. మెకానికల్ షట్టర్‌తో (ఎలక్ట్రానిక్‌ది కాక, తెర నిజంగా కదిలే షట్టర్‌తో) 1/100 లేదా 1/50 సెకను వేగం పెడితే చారలు సాధారణంగా పోతాయి.

ఇంటికి వచ్చాక చెడిన ఫొటోలను చెరిపివేయకుండా, చేతి తప్పులు, కెమెరా తప్పులు అని రెండు ఫోల్డర్లుగా విడదీయండి. చిత్రమంతా ఒకే దిక్కుకు చెదిరితే అది చేతి వణుకు. గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే షట్టర్ వేగం చాలలేదు. ఫోకస్ బిందువు ముఖం మీదే ఉన్నా వెనుక గోడ స్పష్టంగా వస్తే కెమెరాను అనుమానించాలి. మీట కోసం తడుముకొనేలోగా చేజారిన దృశ్యం మాత్రం కార్డులో ఉండదు. అందుకని అలాంటి ప్రతిసారీ అక్కడికక్కడే ఫోన్‌లో ఒక గీత పెట్టుకోండి. పట్టు గురించి అంతకంటే నమ్మదగిన సాక్ష్యం దొరకదు.

ఐఎస్ఓ 6400 దగ్గర కనిపించే గరుకుదనాన్ని (నాయిస్‌ను) తెరమీద వంద శాతానికి పెంచి చూసి బెంబేలెత్తడం వృథా. 24 మెగాపిక్సెళ్ల చిత్రం అంగుళానికి 300 చుక్కల చొప్పున సుమారు 20×13 అంగుళాల ముద్రణకు సరిపోతుంది. మీరు గోడకు తగిలించే పరిమాణంలోనే రెండు చిత్రాలు అచ్చు వేయించి చూడండి.

లోపాలు ఎక్కువగా చేతి వైపే తేలితే, అదే సెన్సర్ మరో ఆకారంలో దొరుకుతుందేమో వెతకండి. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ4, ఎక్స్-ఈ4 రెండింటిలోనూ ఉన్నది 26 మెగాపిక్సెళ్ల ఒకే తరం సెన్సర్. బ్యాటరీ, కార్డుతో కలిపి మొదటిది 607 గ్రాములు, రెండవది 364 గ్రాములు. అయితే తేలికైన రెండవ దానిలో, వణుకును సరిదిద్దే ఏర్పాటు కెమెరా లోపల లేదు కాబట్టి, దానిని కూడా ఒక తెల్లవారుజామున అదే పూల అంగళ్లకు తీసుకువెళ్లిన తర్వాతే డబ్బు కట్టండి.