బీడుకి నిప్పు పెట్టే ముందు ఒక దుబ్బు పీకి చూడండి

మా విజయనగరం మెట్టల్లో సంక్రాంతి వెళ్ళాక బీడు గడ్డి ఎండి గలగలలాడుతుంటుంది, ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీసేస్తారు. కాలిస్తేనే గడ్డి బాగా లేస్తుందని మా మావయ్య వాదన. అబద్ధం కాదు గానీ, ఎప్పుడు కాల్చారన్నదే అసలు సంగతి.

ఒక దుబ్బు పీకి మొదలు చీల్చండి. లోపల తెల్లగా, మెత్తగా ఉన్న మొలకే దాని ప్రాణం, అది నేలమట్టానికో కాస్త కిందకో ఉంటుంది. గడ్డి మంట ఆగకుండా పరుగెడుతుంది కాబట్టి రెండంగుళాల లోతున మట్టికి ఆ వేడి పెద్దగా తెలీదు. తుప్పలకి, చిన్న మొక్కలకి చిగురు పైన ఉంటుంది, అవి మాడిపోతాయి. అమెరికాలోని కాన్సాస్‌లో కొంజా ప్రెయిరీ అనే గడ్డి మైదానాన్ని ముక్కలు చేసి కొన్నిటిని ఏటా, కొన్నిటిని 4 ఏళ్ళకి, కొన్నిటిని 20 ఏళ్ళకోసారి కాల్చి చూస్తున్నారు. చాన్నాళ్ళు కాల్చని చోట తుప్పలూ చెట్లూ కమ్ముకొచ్చాయి.

బూడిద ఎరువు వల్లే గడ్డి ఏపుగా వస్తుందనుకుంటాం. నత్రజని చాలావరకు పొగలోనే పోతుంది! పాత ఎండుగడ్డి నీడ తొలగి, నల్లబడ్డ నేల ఎండకి త్వరగా వేడెక్కడమే ముఖ్య కారణం. అందుకే కాన్సాస్‌లో వసంతంలో, గడ్డి మొలకెత్తబోయే ముందు కాలుస్తారు.

మనం మాత్రం ఫిబ్రవరిలో కాల్చేసి జూన్ దాకా నేలని బోడిగా వదిలేస్తాం, మొదటి జడివానకి వాలులో మట్టంతా గెడ్డలోకి, అంటే వాగులోకి, పోతుంది. కాల్చక తప్పకపోతే తొలి వాన పడ్డాక, మట్టి తడిగా, పైగడ్డి పొడిగా ఉన్న గాలిలేని ఉదయం చూసుకోండి. చుట్టూ రెండు బారలు గడ్డి చెక్కేసి, నీళ్ళు, పచ్చి కొమ్మలు పట్టుకుని నలుగురుండాలి. పక్కన జీడితోటో అడవో ఉంటే అసలు వద్దు. కోసి పశువులకి వేసుకోండి, రిజర్వు ఫారెస్టులో నిప్పు పెడితే కేసవుతుంది. మంట చెయ్యి దాటితే 101.

లేత చిగురు జానెడు ఎదిగే దాకా పశువుల్ని తోలకండి, వేరులో దాచుకున్న బలమంతా దానికే ఖర్చవుతోంది. ఏటా కాల్చే బీట్లో మెల్లగా దర్భ పెరుగుతుంది, లోతు దుంపవేర్ల వల్ల దానికి మంట లెక్కే కాదు, ముదిరితే ఆవు మూతి పెట్టదు. దర్భ ఎక్కువవుతోందనిపిస్తే రెండు మూడేళ్ళు అగ్గిపెట్టె ఇంట్లోనే ఉంచండి.