బీచ్ ఈగల్లో కొత్త జీనస్ (దగ్గరి జాతుల గుంపు) దొరికిందనిపిస్తే ఏం చెయ్యాలి

బీచ్ ఈగలంటే ఒడ్డున ఎండు చేపల మీద ముసిరేవి కాదండి, అవి వేరే. ఇవి కెనాసిడే అనే కుటుంబం, చాలావరకు 2 నుంచి 5 మిల్లీమీటర్లే, బూడిదరంగు, ఆటుపోట్లకి తడిసే రాళ్ళ మీదా ఇసక మీదా నాచు దగ్గరా తిరుగుతాయి. మన వైపు వెతకాలంటే చింతపల్లి రాళ్ళు, కోనాడలో చంపావతి కలిసే చోటు, కళింగపట్నం దగ్గర వంశధార మొగ, బారువ తీరం, ఇవన్నీ మంచి చోట్లే. ఆటు టైమ్‌కి వెళ్ళండి, నీడ పడిందంటే లేచిపోతాయి కాబట్టి ఎండకి ఎదురుగా నడవండి, దొరికినవి 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ఊరు, తేదీ, జీపీఎస్, రాయా ఇసకా నాచా అన్నది అక్కడికక్కడే పెన్సిల్‌తో రాసి సీసాలో పడెయ్యండి. ఒక్క ఈగతో సరిపెట్టుకోవద్దు, మగవీ ఆడవీ రెండూ కావాలి.

ముందు అది అసలు బీచ్ ఈగేనా అన్నది తేల్చాలి, ఎందుకంటే ఎఫిడ్రిడే అనే ఇంకో కుటుంబం ఈగలు కూడా అవే చోట్ల ఉంటాయి, చూడ్డానికి ఇంచుమించు అలాగే ఉంటాయి. మైక్రోస్కోప్ కింద రెక్క ముందంచు నరం చూడండి, ఎఫిడ్రిడేలో అది రెండు చోట్ల తెగి ఉంటుంది, మనవాటిలో ఒక్కచోటే. తర్వాత తల, కంటి పక్కన నుదుటి మీద బిరుసు వెంట్రుకలు బయటివైపు వంగి ఉంటాయి, చాలావాటికి బుగ్గ మీదవి పైకి వంగి ఉంటాయి. ఎన్ని ఉన్నాయో ఒక్కటే కాదు, ఎటు వంగాయో కూడా బొమ్మ గీసి రాసుకోండి.

అసలు పని మగ ఈగ పొట్ట చివర, జననాంగాల్లో ఉంది. డీఎన్ఏకి ఒక కాలు ముందే తీసి పెట్టుకుని, తర్వాత పొట్ట విడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మెల్లగా వేడి చెయ్యండి, కండా కొవ్వూ కరిగిపోయి గోధుమరంగు గట్టి భాగాలే మిగులుతాయి. నీళ్ళతో కడిగి గ్లిజరిన్ చుక్కలో పెట్టి పక్కనుంచీ కిందనుంచీ చూడండి, బయటికి ఒకేలా కనిపించే రెండు జాతులు ఇక్కడ విడిపోతాయి. పని అయ్యాక ఆ ముక్కని చిన్న గొట్టంలో గ్లిజరిన్‌లో వేసి అదే ఈగని గుచ్చిన పిన్నుకే గుచ్చాలి, విడిగా పెడితే రేపు ఏది దేనిదో ఎవ్వరికీ తెలీదు.

ఇక జీనస్ సంగతి. వింతగా ఉందనో, ఒక వెంట్రుక ఎక్కువుందనో కొత్త జీనస్ అనెయ్యకూడదు, నా మాట వినండి. నాక్టికెనాసే, ప్రోకెనాసే, జాంతోకెనాసే లాంటి పాత జీనస్‌ల వర్ణనలన్నీ పక్కన పెట్టుకుని, ఒక్కోదానికి టైప్ జాతి (ఆ జీనస్ పేరుకి ఆధారమైన జాతి) ఏదో చూసి దానితో పోల్చాలి. పాత పుస్తకాల్లో టెథినిడే వేరే కుటుంబంగా ఉంటుంది, 2007లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెక్‌ఆల్పైన్ దాన్ని కెనాసిడేలో కలిపారు, అందుకని అక్కడా వెతక్కపోతే పని సగమే అయినట్టు. లక్షణాలతో, వీలైతే జాతుల్ని గుర్తుపట్టడానికి వాడే సీఓఐ జన్యువుతో పాటు ఇంకొన్ని జన్యువులతో వంశవృక్షం కట్టండి. మీ ఈగ ప్రోకెనాసే కొమ్మల మధ్యలో పడిందా, అది ప్రోకెనాసేనే, ఎంత తేడాగా ఉన్నా సరే. ఒకింటి రెండో కొడుకు ఎలా ఉన్నా ఇంటిపేరు అదే కదా. మీది బయట పడి, దాన్ని తీసేసినా మిగతా జీనస్‌లు ముక్కలవ్వకుండా ఉంటేనే కొత్తది అనండి.

పేరు ఒకే పదం, పెద్ద అక్షరంతో మొదలవ్వాలి, 1758 నుంచి ఇప్పటిదాకా ఏ జంతు జీనస్‌కీ ఆ పేరు ఉండకూడదు, మొక్కకి ఉంటే పర్లేదు. 1930 తర్వాత పేర్లకి టైప్ జాతి ఏదో రాయకపోతే జీనస్ పేరే చెల్లదు, 1999 తర్వాత కొత్త జాతికి హోలోటైప్ (ఆ పేరుకి ఆధారమైన ఒక్క నమూనా) ఏదో, ఎక్కడ దాచారో కూడా రాయాలి. మీ పరిశోధన పేపర్ ఆన్‌లైన్‌లోనే వస్తుంటే జూబ్యాంక్ (జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టర్) రిజిస్ట్రేషన్ ఉండాలి, అది కూడా పేపర్‌లోనే కనబడాలి. విదేశీ నిపుణుడికి నమూనాలు పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం రూల్స్ ముందే చూసుకోండి. హోలోటైప్‌ని ఇంట్లో పెట్టెలో ఉంచుకోవద్దు, కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా లాంటి చోట ఇచ్చి, వాళ్ళిచ్చిన నంబర్ చేతికొచ్చాకే పేపర్ పంపండి.